నాటినవన్నీ బతికాయని చెప్పిన రోజు

నిరుడు రిటైరయ్యాక నాకు దొరికిన కొత్త ఉద్యోగం ఏమిటంటే, కనిపించిన ప్రతివాడి చేతా "అంకుల్, మీ అనుభవాలు రాయండి" అనిపించుకోవడం. ఇప్పుడు మన తెలుగువాళ్ల సంఘం పుస్తకం వేస్తోందట. ఐటీ కంపెనీలో పనిచేసే ఒకాయన ఫోన్ చేసి, "మీరు నాటిన మడ అడవి గురించి రాయండి అంకుల్. క్లైమేట్ చేంజ్ మీద ఇన్‌స్పైరింగ్‌గా ఉండాలి, రెండు పేజీలు చాలు" అన్నాడు. ఇన్‌స్పైరింగ్ అట! నాయనా, ఆ అడవి సంగతి నీకు తెలియదు గనక అడిగావు. నాకు తెలుసు గనక రెండు పేజీలు చాలవు. మొక్కల పనుల్లోకి, ఒడ్డు పనుల్లోకి కొత్తగా వస్తున్న మీ కోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. చదివాక అచ్చువేస్తారో చించి పారేస్తారో మీ ఇష్టం.

వర్క్ పర్మిట్ మీద ఈ దేశానికి వచ్చిన రోజున నా చేతిలో ఉన్న విద్య ఒక్కటే, మొక్క నాటడం. మాది తాళ్లరేవు పక్క. వరిచేలూ ఎరుగుదును, ఏటిమొగ దగ్గర ఉప్పునీళ్లలో పెరిగే మడ చెట్లూ ఎరుగుదును. ఇక్కడ రోడ్ల పక్క గడ్డి కోయడంతో మొదలుపెట్టి, తోటల కాంట్రాక్టులు చేసే ఒక కంపెనీలో సూపర్‌వైజర్ దాకా వచ్చాను. ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది, వుడ్‌ల్యాండ్స్‌లో ఫ్లాట్ వచ్చింది, మోకాళ్ల నొప్పులు వచ్చాయి. ఇంతవరకూ అందరి కథే.

కొన్నేళ్ల కిందట, క్రాంజీ వైపు ఒడ్డున కొంత మేర మడ మొక్కలు నాటే పని మా కంపెనీకి వచ్చింది. సముద్రం పైకొస్తోంది, ఒడ్డు కోసుకుపోతోంది, మడ చెట్లుంటే అల నెమ్మదిస్తుంది, ఒండ్రు నిలుస్తుంది. ఆలోచన బంగారంలాంటిది. డ్రాయింగే చల్లటి గదిలో కూర్చుని గీశారు. పది వరసలు. సముద్రానికి దగ్గరగా ఒకటో వరస, ఒడ్డు దగ్గర పదో వరస. పదో వరస దాటాక గడ్డి మొలిచిన ఏటవాలు నేల కొంత, దాని పైన కంచె. ఈ నాలుగూ గుర్తుపెట్టుకుంటే చాలు, మిగిలిందంతా వీటి మధ్యనే జరిగింది.

మా బాస్ చెడ్డవాడు కాదు. రాళ్లు పేర్చడం, పచ్చిక పరవడం ఆయనకు కొట్టినపిండి. కాకపోతే సముద్రం కూడా ఎనిమిదింటికి డ్యూటీకి వస్తుందనుకున్నాడు. మొదటిరోజు ఎనిమిదింటికల్లా లారీ దిగి చూస్తే నాటాల్సిన చోట నడుంలోతు నీళ్లు.

"ఏంటిది?" అన్నాడు బాస్.

"పోటు సార్. నీళ్లు వెనక్కి తీసేసరికి మధ్యాహ్నం అవుతుంది."

"కాన్ట్ వెయిట్ లా! షెడ్యూల్ ఉంది."

ఆ మాట నాతో కాదు, సముద్రంతో అనండి సార్ అందామనుకున్నాను. అనలేదు. నోరు మూసుకోవడంలో నాకున్న పనితనం మీకు ముందుముందు ఇంకా బాగా తెలుస్తుంది.

చివరికి పోటూ పాటూ చూసుకుని, ఒకరోజు పొద్దున, ఒకరోజు సాయంత్రం, మోకాలిలోతు బురదలో దిగి నాటాం. నాతో ఉన్న ముఠాకు పెద్ద, నల్గొండ జిల్లా మనిషి. యాభై దాటినవాడు. ఊళ్లో రెండెకరాల వరిచేను తమ్ముడికి అప్పజెప్పి వచ్చాడు. అందరం మేస్త్రీ అనేవాళ్లం. మేస్త్రి తాడు పట్టి నాటించాడు. ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు తాడు లాగి పట్టుకుంటే, మధ్యలో మిగతావాళ్లు వంగి వరసగా మొక్కలు దింపుకుంటూ వెనక్కి నడవడం, అచ్చం వరినాట్లు వేసినట్టే. ఇక్కడివాళ్లు ఫోటోలు తీసుకున్నారు. గీత గీసినట్టున్న ఆ వరసలు చూసి బాస్ పొంగిపోయాడు. నేనూ పొంగిపోయాను, ఎందుకు దాచాలి?

నెల తిరక్కుండా ఒకటో వరసలో ఆకులు పసుపెక్కాయి. తర్వాత రెండు. తర్వాత మూడు. పీకి చూస్తే వేళ్లు కుళ్లి మెత్తబడి ఉన్నాయి. మడ మొక్క ఉప్పునీళ్లలో బతుకుతుంది, నిజమే. కానీ దానికీ ఊపిరి ఆడాలి. రోజులో కొన్ని గంటలు నీళ్లు తీసి బురద గాలి పీల్చుకోవాలి. పాత లెక్కల ప్రకారం డ్రాయింగు గీసినవాళ్లు అక్కడ అంతసేపు నీళ్లుండవనుకున్నారు. ఉంటున్నాయి. ఈ బురదలో దిగే మా కాళ్లకు తెలుస్తూనే ఉంది. నీళ్లు పోవాల్సిన వేళకు పోవడంలేదు, రావాల్సిన వేళకన్నా ముందే వస్తున్నాయి.

మరి మేం ఏం చేశాం? వరి పండించేవాడు ఏం చేస్తాడో అదే చేశాం. నాట్లు వేసిన పదిరోజులకు మళ్లీ చేలోకి దిగి, చచ్చిన చోటల్లా కొత్త నారు గుచ్చుతాం కదా. అది తప్పని ఎవడంటాడు? అలా చేయనివాణ్ని సోమరిపోతంటారు. నర్సరీ నుంచి సంచుల్లో పెంచిన మొక్కలు తెప్పించి, ఖాళీ కనిపించిన చోటల్లా పెట్టేశాం. మళ్లీ చచ్చాయి. మళ్లీ పెట్టాం. మేస్త్రి అయితే చచ్చిన మొక్క కనిపిస్తే అన్నం ముట్టేవాడు కాదు, ఆ ఖాళీ పూడ్చాకే డబ్బా మూత తీసేవాడు.

అక్కడితో ఆగితే ఈ గోల ఉండేది కాదు. మూడు నెలలకోసారి పని ఇచ్చిన ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చి ఒడ్డునుంచే మొక్కలు లెక్కపెట్టుకునేవాడు. సన్నగా, గొడుగు పట్టుకుని, ఫైలు చంకలో పెట్టుకుని వచ్చేవాడు. నవ్వడు, తిట్టడు, మంచినీళ్లిచ్చినా తాగడు. ఆయన ఫారంలో నేను రెండు గడులు నింపాలి. బతికి ఉన్నవి ఎన్ని, చచ్చినచోట మార్చినవి ఎన్ని. మొదటిసారి రెండో గడిలో రాయబోతుంటే బాస్ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మార్చామని రాస్తే ఎందుకు మార్చారంటారు. ఎందుకంటే మీటింగంటారు. మీటింగంటే నీకు తెలుసుగా. నిండుగా ఉన్నాయా లేదా? నిండుగా ఉన్నాయి. అంతే రాయి."

సున్నా పెట్టాను. మూడు నెలలకు మళ్లీ సున్నా. రెండేళ్లపాటు అన్నీ సున్నాలే. ఆఫీసరు చూసుకునేవాడు, టిక్కు పెట్టేవాడు, గొడుగు పట్టుకుని వెళ్లిపోయేవాడు. ఈయనకు కళ్లున్నాయా, ఉన్నా ఫైలు మీద తప్ప ఆనవా అని నేనూ మేస్త్రీ ఎన్నోసార్లు నవ్వుకున్నాం. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. మేం రోజూ అడుసు తొక్కేవాళ్లమే గానీ ఈ అడుసు ఇంత లోతని అప్పుడు తెలియలేదు.

రెండో ఏడు ఒక అమ్మాయి వచ్చింది. ఆ ఒడ్డున నీళ్ల ఎత్తు, బురద ఎత్తు కొలిచి చెప్పమని ఆఫీసువాళ్లే పెట్టుకున్న పరిశోధకురాలు. తల్లిదండ్రులది గుంటూరు, పెరిగింది జురాంగ్ ఈస్ట్‌లో. మొదటిరోజే బూట్లు బురదలో ఇరుక్కుపోతే వాటిని అక్కడే వదిలేసి సాక్సులతో బయటికొచ్చింది. అది చూసి మేస్త్రి, "ఈ పిల్ల పనిమంతురాలే" అని తీర్పు ఇచ్చేశాడు.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి పదో వరస దాటి గడ్డిలో కూర్చుని నన్ను పిలిచింది.

"అంకుల్, కమ్, కమ్! ఇక్కడ మొక్కలు ఎవరు పెట్టారు?"

వెళ్లి చూశాను. గడ్డి మధ్య, అక్కడొకటి ఇక్కడొకటి, జానెడు జానెడు మడ మొక్కలు. ఎవరూ నాటినవి కావు. మడ చెట్టు కాయ మునగకాయలా వేలాడుతుంది, రాలి నీళ్లలో తేలుతుంది, ఎక్కడ కాలు నిలిస్తే అక్కడ వేరు వేస్తుంది. పెద్ద పోటు వచ్చినప్పుడు నీళ్లు ఆ గడ్డి దాకా ఎక్కి వాటిని వదిలి వెళ్లాయి.

"ఎవరూ పెట్టలేదమ్మా. అవే కొట్టుకొచ్చాయి."

"సో, దే ఆర్ వాకింగ్ అప్, అంకుల్! కింద నీళ్లు ఎక్కువయ్యాయి కదా, అందుకే పైకొస్తున్నాయి. చూడండి, ఎంత హెల్దీగా ఉన్నాయో."

నిజంగానే నిగనిగలాడుతున్నాయి. మేం నీళ్లు పోసింది లేదు, కర్ర పాతి కట్టింది లేదు. మేస్త్రి వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మొక్కలే గాదమ్మా, ఎండ్రికాయలు గూడ పైకెక్కినయ్. పోయినేడు వాటి బొక్కలు ఆరో సాలు కాడ ఉండె. ఇప్పుడు పదో సాలు దాటినయ్. ఆ బురదల గెంతే చేపలు గూడ గంతే. నీళ్లు తరుముతున్నయ్, అవి జరుగుతున్నయ్."

పీతల్ని వాళ్ల వైపు ఎండ్రికాయలంటారు. ఆ అమ్మాయికి ఆ మాట తెలియదు, వేళ్లతో పీతలా పాకించి చూపిస్తే గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె ముఖం వెలిగిపోయింది. "మీకిది ఎప్పటినుంచి తెలుసు? ఎవరికైనా చెప్పారా?" అంది.

"ఎవరడిగిన్రు?" అన్నాడు మేస్త్రి.

అప్పుడు అడిగింది నన్ను. "కానీ అంకుల్, ఒకటి అర్థం కావట్లేదు. నా కొలతల ప్రకారం కింది మూడు వరసలు ఈపాటికి పోవాలి. బురద పేరుకునేదాని కన్నా నీళ్లు పెరిగేది ఎక్కువ. మీ వరసలు మాత్రం ఫుల్లుగా ఉన్నాయి. హౌ ఆ, ఎలా?"

"బాగా చూసుకుంటున్నాం కదమ్మా" అన్నాను.

మేస్త్రి నా వంక చూసి, లేచి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నెలలోనే పిడుగులాంటి డ్రాయింగు వచ్చింది. ఆ గడ్డినేల మీద కాంక్రీటు నడకదారి వేస్తారట, కింద అడ్డుగోడతో సహా. దేనికయ్యా అంటే, జనం నడుచుకుంటూ వచ్చి మడ అడవిని చూసి ఆనందించడానికి! మడ అడవి పైకి జరగడానికి ఉన్న ఒకే ఒక్క జాగా మీద కాంక్రీటు పోసి, అక్కడ నిలబడి మడ అడవిని చూస్తారన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దారి వేసే పని కూడా మా కంపెనీకే.

ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "అంకుల్, ఈ స్లోప్ పోతే మొత్తం పోతుంది. కింద నీళ్లు, పైన గోడ. ఇవి ఎక్కడికి వెళ్తాయి? దారిని కంచె అవతలికి జరపమని రాశాను. ఆఫీసర్ సైట్‌కి వస్తానన్నాడు. మీరు కూడా ఉండాలి."

ఇద్దరు పిల్లల తండ్రిని, ఎలా కాదనను? "ఉంటానమ్మా" అన్నాను.

ఆఫీసరు వచ్చే ముందురోజు మధ్యాహ్నం బాస్ నన్ను పిలిచి చల్లటి కాఫీ ఇప్పించాడు. బెదిరించలేదు. బెదిరిస్తే ఎదురుతిరిగే వీలుంటుంది కదా, ఆ వీలు కూడా ఇవ్వలేదు. "రేపు అడిగినదానికే జవాబు చెప్పు. ఎక్కువ మాటలొద్దు. అన్నట్టు, వచ్చేనెల మీవాళ్లలో ఐదుగురి పర్మిట్లు రెన్యూ చేయాలి. మేస్త్రిది కూడా ఉంది. గుర్తుచెయ్యి" అన్నాడు. నేను గుర్తుచేస్తానన్నాను. కాఫీ తాగాను.

సాయంత్రం లారీ కోసం నిలబడ్డప్పుడు మేస్త్రి నెమ్మదిగా కదిపాడు.

"అన్నా, రేపు చెప్పేస్తవా?"

"ఏం చెప్పాలి?"

"కింది సాళ్లల్ల మొదటిసారి పెట్టినవి ఒక్కటి గూడ లేవని. మళ్ల మళ్ల పెట్టినమని."

"నీకేమన్నా మతిపోయిందా మేస్త్రీ? రెండేళ్ల కాగితాల మీద నా సంతకం ఉంది. నీ పర్మిట్ సంగతి ఆలోచించావా?"

"నా పర్మిట్ సంగతి నేనడగలే గదన్నా" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. నీతులు చెప్పడం తేలిక, సంతకాలు పెట్టినవాడికి తెలుస్తుంది అని ఏదో అరిచాను. ఆ రాత్రి నేను మా ఆవిడతో కూడా ఏమీ చెప్పలేదు. పర్మిట్లు, పర్మిట్లు అని నాకు నేనే చెప్పుకుని పడుకున్నాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను గనక ఇదీ రాయాలి. పర్మిట్ల భయం సగమే. మిగతా సగం, నా వరసలు చెడ్డవని నా నోటితో నేను చెప్పలేకపోవడం. గీత గీసినట్టు నాటానని ఆ రెండేళ్లూ మెచ్చుకున్నవాళ్ల ముందు, అవి మొదట నాటినవి కావని చెప్పడానికి నోరు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం నీళ్లు బాగా తీశాయి. ఆఫీసరు గొడుగుతో వచ్చాడు, ఈసారి రబ్బరు బూట్లు కూడా వేసుకుని. ఎన్నడూ లేనిది బురదలోకి దిగాడు. నాలుగడుగులు వేసి ఇరుక్కుపోతే మేస్త్రి చెయ్యిచ్చి లాగాడు. ఆ అమ్మాయి ఒక్కో చోటా ఆగి చెబుతోంది. పీతబొక్కలు చూపించింది, గడ్డిలో మొక్కలు చూపించింది, కొలతల కాగితాలు చూపించింది. ఇంగ్లీషులో ఎంత చక్కగా చెప్పిందంటే, ఏమీ తెలియనివాడికి కూడా అర్థమయ్యేలా చెప్పింది. బాస్ వాచీ చూసుకుంటున్నాడు.

ఆఫీసరు ఒకటో వరస ముందు నిలబడి ఫైలు తెరిచాడు.

"ఈమె కొలతలు ఇవి చచ్చిపోవాలంటున్నాయి. నా ఫైలు అన్నీ బతికాయంటోంది" అన్నాడు ఇంగ్లీషులో. "రెండూ నిజం కావడానికి వీల్లేదు."

తర్వాత నా వైపు తిరిగాడు.

"ఆల్ ఒరిజినల్ ప్లాంట్స్?"

ఆ అమ్మాయి నన్ను చూసింది. బాస్ చూశాడు. మేస్త్రి మాత్రం చూడలేదు, వంగి బూట్లకంటిన బురద తీసుకుంటున్నాడు.

"యెస్ సార్" అన్నాను.

ఆయన ఫైలు మూయలేదు. పెన్ను కూడా తీయలేదు. గొడుగు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని, ఒకటో వరస మొత్తం ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, మళ్లీ అడిగాడు. ఈసారి నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా.

"ఒక్కటి కూడా మార్చలేదా? ఆర్ యూ ష్యూర్, అంకుల్?"

ఆయన నన్ను అంకుల్ అనడం అదే మొదటిసారి. చెవిటివాడిలా రెండుసార్లు అడుగుతాడేమిటి, విసిగిస్తున్నాడు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఎండ మాడ్చేస్తోంది, ఇది తొందరగా తేలిపోతే బాగుండుననిపించింది.

"నో సార్. నాటినవన్నీ బతికాయి."

అప్పుడు ఫైలు మూశాడు. ఆ అమ్మాయితో, "సారీ. రికార్డుకు వ్యతిరేకంగా నేనేమీ చేయలేను" అన్నాడు. ఆమె కాగితాలు సర్దుకుంది. నా పక్కనుంచే వెళ్లింది. తిట్టినా బాగుండేది.

రెండు నెలల్లో కాంక్రీటు పోశారు. పోసింది ఎవరనుకున్నారు? మేమే. గడ్డిలో మొలిచిన మొక్కల్ని పీకింది కూడా మా ముఠాయే. వాటిని సంచుల్లో పెట్టి వేరేచోట నాటుదాం సార్ అన్నాను బాస్‌తో, నాలో ఏ మూలో సిగ్గు మిగిలి ఉండి. నర్సరీలో చోటు లేదన్నాడు. కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగిస్తుంటే బొక్కల్లోంచి పీతలు బయటికొచ్చి అటూ ఇటూ పరుగెత్తాయి. మేస్త్రి వాటిని ఒక్కొక్కటే బకెట్లో వేసి కింద బురదలో వదిలి వచ్చాడు. పోటు రాగానే అవి మళ్లీ గోడ దాకా వచ్చి ఆగిపోయాయి.

మా కాంట్రాక్టు గడువు ముగిసింది. పని పూర్తయిందని పత్రం వచ్చింది, బాగా చేశారని ఒక మెచ్చుకోలు కూడా వచ్చింది. ఆ రోజునుంచి ఖాళీలు పూడ్చేవాళ్లు లేరు. ఆరు నెలల్లో ఒకటి, రెండు, మూడు వరసల్లో ఎండు కర్రలే మిగిలాయి. తర్వాత నాలుగోదీ పోయింది. అప్పుడు అందరికీ కళ్లు తెరుచుకుని, అయ్యో ఎందుకిలా అయ్యిందని మీటింగులు పెట్టారు. మీటింగ్ అంటే భయపడిన మా బాస్ అన్ని మీటింగులకూ వెళ్లాడు. అనుకోని వాతావరణ మార్పు అని కాగితం మీద రాసుకున్నారు. అనుకోనిదట! ఎండ్రికాయలకు తెలిసింది, మేస్త్రికి తెలిసింది, నాకు తెలిసింది. ఎవడు అనుకోలేదు?

మేస్త్రి పర్మిట్ ఒక్కసారికే రెన్యూ అయింది. తర్వాత వయసు చూపించి పంపేశారు. ఎవరి కోసం అబద్ధం చెప్పానని చెప్పుకున్నానో ఆ మనిషికి దక్కింది అంతే. ఎయిర్‌పోర్టులో సామాను ట్రాలీ మీద పెడుతూ అన్నాడు.

"నువ్వు అబద్ధం ఆడినవని కాదన్నా నా బాధ. మనం వాటిని చావనియ్యకపోతిమి. మొదటి ఏడే చస్తే చూసేటోళ్లు. అయ్యో గిక్కడ గాదు, ఇంకింత పైకి పెట్టాలె అని అప్పుడే అందురు. పచ్చగ కనబడవెట్టినం, ఎవలకూ తెల్వకుండ జేసినం."

నేను అతని చేతులు పట్టుకున్నాను.

రిటైరైన వారానికే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. కోప్పడుతుందేమో, అసలు ఎత్తదేమో అనుకున్నాను. జురాంగ్ ఈస్ట్‌లో తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి రమ్మంది. ముందే వెళ్లి, టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసి, అంటే ఇది మాదని ఆపుకుని, కూర్చున్నాను, పరీక్షకు వచ్చినవాడిలా. ఆమె వచ్చి టీ తెచ్చుకుంది. నేను ఉపోద్ఘాతం లేకుండా చెప్పేశాను. సున్నాలు, సంచి మొక్కలు, బాస్ కాఫీ, మొత్తం.

ఆమె తిట్టలేదు. బ్యాగులోంచి నోటుబుక్కు తీసింది.

"ఏ వరసలో ఏ నెలలో పోయాయో గుర్తుందా అంకుల్? అది ఉంటే చాలా యూజ్‌ఫుల్. ఇంకో ఒడ్డున ఇలాంటిదే చేస్తున్నారు. ఎక్కడ పెట్టకూడదో చెప్పొచ్చు."

నాకు సగమే గుర్తుంది. అక్కడినుంచే నల్గొండకు వీడియో కాల్ చేశాను. మేస్త్రి పొలం గట్టు మీద ఉన్నాడు. ఫోనులో ఆ అమ్మాయిని చూసి, "అమ్మా, బాగున్నవా?" అని, తలపాగా విప్పి ముఖం తుడుచుకుని మొదలుపెట్టాడు. ఒకటో సాలు మొదటి వానలప్పుడు మొత్తం పోయింది, రెండో సాలు ఎడమ చేతి దిక్కు ముందుగాల పోయింది, మూడోది ఎండలు ముదిరినంక. ఎన్నిసార్లు పెట్టింది, ఏ మూల ఎన్ని రోజులు నీళ్లు నిలిచింది, ఎండ్రికాయలు ఎప్పుడు జరిగింది, ఏ కాగితం లేకుండా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆ అమ్మాయి రాస్తూనే ఉంది. రెండేళ్లు నా ఫారాల్లో సున్నాలున్న చోట ఉండాల్సినవన్నీ ఆ బుర్రలో ఉన్నాయి. నేను ఒక్కసారి కూడా అతన్ని అడిగి రాయలేదు.

ఫోన్ పెట్టేశాక అడిగాను. "నీకు అప్పట్లో అనుమానం రాలేదామ్మా?"

"అనుమానం కాదు అంకుల్, ఐ న్యూ. ఒకటో వరసలో ఒక మొక్క పడిపోతే తీసి చూశాను. వేరుకి నర్సరీ సంచి నల్లమట్టి ఉంది. రెండేళ్ల కింద నాటినదానికి ఆ మట్టి ఉండదు కదా."

"మరి ఆ రోజే ఆఫీసరుతో అనొచ్చు కదమ్మా."

"చెప్పాను. సైట్‌కి వచ్చే ముందే చెప్పాను." ఆమె టీ గ్లాసు పక్కకు జరిపింది. "ఆయనకి కూడా ఆ దారి ఇష్టం లేదు అంకుల్. ఎప్పటినుంచో ఆపాలనే చూస్తున్నాడు. ఒక్క మొక్క వేరు చూపిస్తే పైవాళ్లు ఒప్పుకోరు, రికార్డు రాసినవాళ్లే తప్పని చెప్పాలి అన్నాడు. 'నేను అడుగుతాను, సూపర్‌వైజర్ పెద్దమనిషి, చెప్తాడు, చెప్పగానే పని ఆపేస్తాను, వర్కర్ల మీదకి రాకుండా నేను చూసుకుంటాను' అన్నాడు. ఆపమని లెటర్ కూడా టైప్ చేసి తెచ్చాడు. ఆ ఫైల్లోనే ఉంది."

నేను టేబుల్ మీది టిష్యూ ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నాను.

"అందుకే రెండోసారి అడిగాడు అంకుల్" అంది.